రెండు వేళ్ళ ఎడం

మొన్న మా జిరాక్స్ షాపు గోడ మీదికి కొత్తగా ఒక మొహం వచ్చింది. అరచేతిలో పట్టేంత తెల్ల ప్లాస్టిక్ బిళ్ళ. గదిలో గాలికి ఎంత తడి పట్టిందో అంకెల్లో చూపిస్తుంది. అంకెలంటే పడని నాలాంటివాళ్ళ కోసం ఒక మూలన చిన్న మొహం కూడా పెట్టారు. గాలి కుదురుగా ఉంటే అది నవ్వుతుంది. తడి ఎక్కువైనా, మరీ తక్కువైనా మూతి ముడుస్తుంది. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించింది. మా ఆవిడ దాన్ని కాసేపు చూసి, ఇంట్లో తన మూతి, షాపులో దీని మూతి, ఇక నాకు రోజంతా మూతులు చూసుకోవడంతోనే సరిపోతుందని తేల్చేసింది.

దాన్ని తగిలించడానికి మా అమ్మాయి స్టూలెక్కి, మేకుకున్న పాత చెక్కను తీసి, "డాడీ, ఇది పారేయనా?" అని అడిగింది.

మూరెడు చెక్క అది. దాని మీద పక్కపక్కనే రెండు గాజు గొట్టాలు, జ్వరం చూసే గొట్టం లాంటివే, కాస్త పొడుగువి. ఒకదాని కాలికి గుడ్డ పేలిక చుట్టి, పేలిక కొసను కిందున్న చిన్న సీసాలోకి వదిలి ఉంటుంది. పారేయొద్దని చెప్పి, కొత్త మొహానికి వేరే మేకు నేనే కొట్టాను. కొడుతుంటే సుత్తి వేలి మీద పడింది. ఆ చెక్క తెచ్చిన మనిషి అక్కడుంటే ఆ పూట ఏమీ అనేవాడు కాదు. మర్నాడు పొద్దున వచ్చి, స్టూలు మీద కూర్చుని, నా వేలి వైపు చూసి నవ్వేవాడు.

ఆయన నవ్వు ఎప్పుడూ ఒక రోజు ఆలస్యం. నేను వేసిన జోకు సాయంత్రం ఆయనతో పాటే బస్సెక్కి వాళ్ళ ఊరు కనకమామిడి దాకా పోయి, రాత్రి అక్కడే పండుకుని, పొద్దున మొదటి బస్సుకు నవ్వై తిరిగి వచ్చేది. ఈలోగా నేను ఆ జోకు మర్చిపోయేవాణ్ణి. ముసలాయన నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నాడా అని చొక్కా గుండీలు తడుముకునేవాణ్ణి.

ఆయన పేరు ఇక్కడ రాయను. తెలియక కాదు. ఆ పేరున్న కాగితాలు నా మిషన్ మీద నేనే ఎన్నోసార్లు కాపీలు తీశాను. కాగితాల మీద ఆ పేరు చాలా తిరిగింది, ఇక దాన్ని కాస్త కూర్చోనిద్దాం.

అప్పట్లో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. ఆ మేడల్లో పని చేసేవాళ్ళు ఆదివారం వచ్చిందంటే కార్లేసుకుని మొయినాబాద్ మీదుగా చేవెళ్ల దాకా వచ్చేవాళ్ళు. చేలగట్ల మీద బూట్లతో నిలబడి, గుండెల నిండా పీల్చి, ఇక్కడ గాలి ఎంత బాగుందో అనేవాళ్ళు. ఆదివారం గాలి బాగుందన్నవాడు సోమవారం ఆ చేను ఎవరిదో చెప్పే కాగితం, పహాణీ, అడిగేవాడు. పహాణీ అడిగితే జిరాక్స్ కావాలి. నా షాపు అట్లా పుట్టింది, గాలి వల్ల. దాన్ని దాదాపు చంపబోయింది కూడా గాలే.

నేనూ బడీ ఎనిమిదో తరగతిలోనే రాజీపడి విడిపోయాం. ఆ తర్వాత చదువు నా వెంటపడింది. ఇంజనీర్లు, లెక్చరర్లు తమ సర్టిఫికెట్లు నా చేతిలో పెట్టి, బయట ఎండలో నిలబడి ఎదురుచూసేవాళ్ళు. అన్ని డిగ్రీలు చేతికి తగిలినవాడు మొయినాబాదులో నేనొక్కణ్ణే. తగిలినవేవీ అంటుకోలేదు, అది వేరే సంగతి.

షాపంటే ఒక్క షట్టరు మడిగె. వెనక చిన్న కిటికీ. ఆ వెనక గోడకు ఆనుకునే పక్క చాయ్ హోటలువాళ్ళు గిన్నెలు తోమేవాళ్ళు. ఎండాకాలంలో కొన్న సెకండ్ హ్యాండ్ మిషన్ ఎండలున్నన్ని రోజులు బుద్ధిగా పనిచేసింది. మొదటి వాన పడగానే దాని అసలు గుణం బయటపడింది. అప్పడంలా ఫెళఫెళలాడాల్సిన కాగితం చపాతీలా మెత్తబడిపోయేది. ట్రేలో పెడితే మిషన్ దాన్ని తమలపాకులా నమిలి, ముడతలు పెట్టి, సగం లోపల దాచుకుని సగం నాకిచ్చేది. పట్నం నుంచి మెకానిక్ వచ్చేవాడు, మూత తెరిచేవాడు, నమిలినదాన్ని పీకేవాడు, మిషన్‌లో తప్పేమీ లేదని చెప్పి చాయ్ తాగి వెళ్ళిపోయేవాడు. జనం కూడా వెళ్ళిపోయేవాళ్ళు, చేవెళ్లలో ఇంకో షాపు ఉందని. ఇంకో వానాకాలం ఇట్లాగే గడిస్తే షట్టరు దించుకుని మా నాయన వెంట టమాటా తోటకు పోవాల్సిందేనని తేలిపోయింది. టమాటా తోటకు నా జోకులు అర్థం కావు. అదీ నా భయం.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, వాన తగ్గేదాకా నిలబడదామని ఒక ముసలాయన మా షట్టరు కిందికి వచ్చాడు. యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి నెత్తి మీద నుంచి వీపు దాకా వేసుకున్నాడు. అందరూ వాన వైపు చూస్తుంటే ఆయన లోపలికి, నా వెనక గోడ వైపు చూశాడు. అడక్కుండానే లోపలికి వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి కాదు. పసిపిల్లల నుదురు చూసినట్టు చేతి వెనక వైపు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఈ అర్రకు జ్వరమున్నది పిలగా" అన్నాడు, కళ్ళు తెరిచి గదంతా చూపిస్తూ.

"గట్లనా తాతా. బిళ్ళ ఏమన్న ఉన్నదా మరి?" అన్నాను.

ఆయన దాన్ని జోకనుకోలేదు. ఉన్నదన్నాడు. రేపు తెస్తనన్నాడు. వాన తగ్గకముందే సంచి కప్పుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి, ఒక చంకలో సున్నపురాళ్ళున్న కుండ, ఇంకో చంకలో ఈ చెక్క పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. బిళ్ళ సంగతి అప్పుడు ఆయన దాకా చేరింది.

ఆయనకు ఊళ్ళో చిన్న మల్బరీ తోట, తోటలో రేకుల షెడ్డు ఉన్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా పట్టుపురుగులు పెంచాడు. ఆ పని చేసేవాళ్ళ మాటల్లో, పురుగు ఆకు తినడం మానేసి, తలెత్తి కదలకుండా ఉండిపోయి, పాత తోలు విడిచే రోజును జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే కడుపారా తిని గూడు కడుతుంది. జ్వరంలో ఉన్నదానికి తడి తగలకూడదు, సున్నం పొడి చల్లాలి. జ్వరం నుంచి లేచి ఆకు తినే రోజుల్లో గాలి పొడిగా ఉండకూడదు, ఆకు వాడిపోతుంది. కిటికీలకు తడి గోనెసంచులు కట్టాలి. తడిని లోపలికి పిలవడం, పని కాగానే మర్యాదగా బయటికి పంపడం, ఇరవై ఏళ్ళు ఆయన చేసింది ఇదే. చెక్కను పట్టుపురుగుల ఆఫీసు వాళ్ళిచ్చారట. దాని మీది అంకెలు ఆయనకు రావు. రావనే ఫికర్ కూడా లేదు.

"ఇగో, వీడు మొగడు. ఇది పెండ్లాం" అని గొట్టాలను పరిచయం చేశాడు. "దీని కాళ్ళు ఎప్పుడు నీళ్ళల్ల ఉంటయ్. గందుకే జర చల్లగుంటది. ఇద్దరు ఒక్కకాడికొచ్చిన్రంటే అర్రల తడున్నట్టు. దూరం జరిగిన్రంటే పొడున్నట్టు."

ఎంత దూరం ఉంటే మంచిదని అడిగాను. రెండు గొట్టాల్లో పాదరసం ఎక్కడెక్కడ ఆగిందో చూసి, ఆ రెండింటి నడుమ వేళ్ళు అడ్డంగా పెట్టాడు. చిన్న పురుగులకు ఒక వేలు ఎడం చాలట. గూడు కట్టే పురుగులకు రెండు వేళ్ళు. నా మిషన్‌ను అటూ ఇటూ చూసి, కాగితం చేత్తో నలిపి, ఇది గూడు కట్టే పురుగేనని తేల్చాడు. మా ఆవిడకూ నాకూ రెండు వేళ్ళు సరిపోవని, ఒకరు ఈ ఊళ్ళో ఉంటే ఒకరు అవతల మోకిల ఊళ్ళో ఉండాలని నేనన్నాను. మర్నాడు పొద్దున బస్సు దిగుతూనే నవ్వాడు.

ఆ వానాకాలం ఆయన నా షాపుకు వైద్యం చేశాడు. కాగితాల అలమారాలో ఒక బల్బు పెట్టించి రాత్రింబగళ్ళు వెలిగించమన్నాడు. అలమారా కింద సున్నపురాళ్ళ కుండ పెట్టాడు. రాయి తడి తాగి తాగి పొడై రాలిపోతే, దాన్ని గోడకు పూసి కొత్త రాయి వేసేవాడు. కాగితం కట్ట విప్పితే అప్పటికి కావాల్సినవే తీసి మిగతావి వెంటనే చుట్టేయాలి. వాన ఆగాక కిటికీ తెరవాలి, వాన మొదలయ్యేముందు మూయాలి. మొదలయ్యాక మూయడం నేను చేసే పనట. చాయ్ హోటలతనితో ఏం మాట్లాడాడో తెలియదు, వారం తిరిగేసరికి గిన్నెలు తోమే చోటు గోడ దగ్గర నుంచి పది అడుగులు అవతలికి జరిగింది. నేను ఆ మాట అతన్ని షాపు తెరిచిన రోజు నుంచీ అడుగుతున్నాను. జోకులేస్తూ అడిగాను, అదే తప్పేమో.

మిషన్ నమలడం మానేసింది. చేవెళ్ల వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. ఆయన మాత్రం వైద్యం అయిపోయినా రావడం మానలేదు. రోజూ పొద్దున నాకంటే ముందే వచ్చేవాడు. షట్టరు ఎత్తగానే లోపలికి వచ్చి, తన సంచిలోని నీళ్ళ సీసా తీసి నాలుగు గుక్కలు తాగేవాడు. తర్వాత నావైపు వీపు తిప్పి, ఆ గొట్టాల ముందు ఒక నిమిషం నిలబడేవాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడనుకుని, నా పేరు మీద కూడా ఒకటి పెట్టమనేవాణ్ణి. తర్వాత స్టూలు మీద కూర్చుని, మిషన్ నడవడం మొదలుకాగానే కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోవడానికి ఇంట్లో మంచం లేదా అని ఒకసారి అడిగితే, నిద్ర కాదన్నాడు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు ఆకు తినేటప్పుడు షెడ్డు నిండా వాన చప్పుడు వస్తుందట. ఒక కాగితం మీద ఇంకో కాగితం పడుతుంటే ఆయనకు అదే చప్పుడట. నేను కూడా కళ్ళు మూసుకుని విన్నాను. నాకు మిషనే వినిపించింది. కాసేపయ్యాక, నిజంగా, ఎక్కడో ఆకుల మీద సన్నగా పడుతున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిస్తే గిరాకీ ఒకతను, ఇద్దరం ఏం ఆలకిస్తున్నామో తెలియక, తానూ తల పక్కకు వంచి నిలబడి ఉన్నాడు.

ఎండాకాలం వచ్చాక ఇంకో సంగతి తెలిసింది. గాలి మరీ పొడైపోతే కాగితాలు ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు, రెండేసి మూడేసి పోతాయి, ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. ఆయన కిటికీకి తడి గోనె కట్టి, గొట్టాల నడుమ వేళ్ళు పెట్టి, సరిపోగానే గోనె తీసేశాడు. గాలి కూడా మనలాగే తాగుతుందని, ఎక్కువైతే సోలుతుందని, తక్కువైతే కొట్లాడుతుందని ఆయన లెక్క.

రెండో వానాకాలం మొదట్లో ఆయన కొడుకు మా షాపుకు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ళను తెచ్చి దింపే కారు నడిపేవాడు. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. తోటను, షెడ్డును ఒక సారు కొంటున్నాడు. ఆ సారు కూడా కార్లోనే ఉన్నాడు, మెత్తటి మనిషి. మర్నాటి నుంచి ఆషాఢం. ఆషాఢంలో రిజిస్ట్రేషన్ వద్దని సారు ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టారు. కాబట్టి ఆ రోజే కాగితాలన్నీ కాపీలు తీయించుకుని, చేవెళ్ల ఆఫీసు మూసేలోగా చేరాలి. తప్పిందంటే నెల ఆగాలి. అయిందంటే మూడో రోజు షెడ్డులో సారు వాచ్‌మన్ కుటుంబం దిగుతుంది.

అప్పటికి ఆ షెడ్డులో ఆయన ఆఖరి పంట ఉంది. పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. గూళ్ళు కట్టేసరికి ఇంకో పదిపన్నెండు రోజులు. తోట పోతుందని ఆయనకు ముందే తెలుసు, సంతకం పెడతానని మాట కూడా ఇచ్చాడు. ఈ ఒక్క పంట గూడు కట్టేదాకా ఆగితే చాలని ఇంట్లో అడిగాడట. ఒక్క పంటకేముందని కొడుకు అన్నాడట. ఇదంతా ఆయన ఆ పొద్దున స్టూలు మీద కూర్చుని, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు.

ముందు రోజు సాయంత్రం గాలివానకు కరెంటు పోయి, ఆ మధ్యాహ్నమే వచ్చింది. అలమారాలో బల్బు అంతసేపూ ఆరిపోయే ఉంది. గొట్టాల్లో మొగుడూ పెళ్ళాం దాదాపు ఒక్క గీత మీద ఉన్నారు. మొదటి కాగితం పెట్టగానే మిషన్ నమిలింది. రెండోదాన్నీ నమిలింది. కొడుకు గడియారం చూసుకున్నాడు. సారు కార్లోంచి దిగి, ప్రాబ్లమా అని అడిగాడు.

జీవితంలో మొదటిసారి ఆ మిషన్ మీద నాకు ప్రేమ పుట్టింది. ముసలాయన చెవి దగ్గరికి వంగి, "తాతా, మిషన్ ఖరాబైందని చెప్త. నెలరోజులు నీయి" అన్నాను.

ఆయన చాలాసేపు గొట్టాల వైపు చూశాడు. బయట వాన. ఇంకో కాగితం పెడితే ఇంకోటి నములుతుంది, నేను అబద్ధమాడాల్సిన పని కూడా లేదు, ఆయన ఊరికే కూర్చుంటే చాలు.

"ఇది తగ్గే జ్వరం పిలగా" అన్నాడు చివరికి. "తగ్గించుడు నాకొస్తది. వచ్చి గూడ ఊకె కూసుంటే, పొద్దుగూకి పురుగుల ముంగట ఏం మొకం పెట్టుకొని నిలవడాలె?"

లేచి వెళ్ళి చాయ్ హోటలు నుంచి బొగ్గుల కుంపటి మోసుకొచ్చాడు. షట్టరు పూర్తిగా ఎత్తించి, కిటికీ తెరిపించి, కుంపటిని నడుమ పెట్టాడు. కాగితాలను విసనకర్రలా విప్పి, మూరెడు ఎత్తులో ఆడిస్తూ, పది పది చొప్పున వెచ్చబెట్టి ట్రేలోకి అందించాడు. లేత ఆకు పురుగుల మీద వేసేటప్పుడు చెయ్యి అట్లాగే తిరుగుతుందని తర్వాత తెలిసింది. పాస్‌బుక్కు, పహాణీలు, పాత దస్తావేజు, ఆయన పేరున్న కాగితాలన్నీ ఒక్కటి కూడా ముడత పడకుండా వచ్చాయి. ఆఖరి కాగితం తీసుకుని దాని మీద చేతి వెనక వైపు పెట్టి చూశాడు. రొట్టెలా వెచ్చగా ఉంది. కొడుకు చేతికిచ్చాడు. కొడుకు దాన్ని అందుకుని తండ్రి ముఖం వైపు చూడలేదు. నేను చూశాను. గూడు మంచిగా కట్టిన పురుగును చూసినట్టు ఆ కాగితాన్నే చూస్తున్నాడు.

కారెక్కబోతూ సారును ఒక్కటే అడిగాడు. పది రోజులు తోటలో ఆకు కోసుకోవచ్చా అని. ఎంతైనా కోసుకోండి అంకుల్ అన్నాడు సారు. ఆకు ఉంది, షెడ్డు లేదు. పురుగుల్లో ఎక్కువ భాగాన్ని మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరులో తెలిసిన రైతు షెడ్డుకు పంపించేశాడు. మూడో రోజు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి మెట్టు మీద ఆయన, ఆయన పక్కన రెండు వెదురు తట్టలు, తట్టల మీద గుడ్డ.

"గూడు కట్టే పురుగుకు, నీ కాగితానికి ఒక్కటే గాలి" అన్నాడు. అడగడం అంతే.

పదకొండు రోజులు ఆ తట్టలు మా కాగితాల అలమారా మీద ఉన్నాయి. ఆ పదకొండు రోజులు నాకు రోజుల్లా గుర్తులేవు, ఒకటే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తుంది. బయట వాన పడుతుండేది. లోపల పురుగులు ఆకు తింటుంటే ఇంకో వాన పడేది. మిషన్ మూత కింద వెలుగు అటు నుంచి ఇటు పాకి, కాగితాలు ఒకదాని మీద ఒకటి రాలుతుంటే అది మూడో వాన. ఏ వాన ఆగిందో, ఏది పడుతోందో తెలిసేది కాదు. తొందరలో వచ్చినవాళ్ళు కూడా షట్టరు కింద అడుగుపెట్టగానే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ కాపీకని వచ్చిన ఒక అమ్మాయి, కాపీ చేతికిచ్చాక కూడా బస్సు పోయేదాకా తట్టల దగ్గరే నిలబడిపోయింది. పురుగులకు జీతం ఎంతిస్తున్నావని హోటలతను అడిగితే, ఆకు, వసతి, పైగా ఫ్యాక్టరీలో ఏసీ లాంటి గాలి అని చెప్పాను.

ఎనిమిదో రోజుకు పురుగులు తినడం ఆపేశాయి. ఒళ్ళంతా తేనె రంగుకు తిరిగి, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేలు కనిపించేంత పలచబడ్డాయి. ఆయన ఒక్కొక్కదాన్ని ఏరి, చాపకు వెదురు చుట్లున్న చంద్రికల మీద పెట్టాడు. అవి తల అటూ ఇటూ తిప్పుతూ, గాలిలో ఎనిమిది అంకె దిద్దుకుంటూ, తమ చుట్టూ తాము దారం చుట్టుకోవడం మొదలుపెట్టాయి. నేను వదిలేసిన ఎనిమిదిని ఇవి పట్టుకున్నాయని ఆయనతో అన్నాను. మూడు రోజులు ఆయన గొట్టాల నడుమ నుంచి వేళ్ళు తీయలేదంటే నమ్మండి. కిటికీ జానెడు తెరవడం, బెత్తెడు మూయడం, బల్బు వేయడం, ఆర్పడం. ఆ పదకొండు రోజుల్లో నా మిషన్ ఒక్క కాగితం నమల్లేదు.

గూళ్ళు గట్టిపడ్డాక ఒకదాన్ని చెవి దగ్గర ఆడించి, లోపల పురుగు గలగలమని కదిలిన చప్పుడు విని, తల ఊపాడు. గుడ్డ మూటలో కట్టుకుని పట్నం బస్సెక్కాడు. తట్టలు తీసుకెళ్ళాడు. చెక్కను మాత్రం మేకుకే వదిలేశాడు. ఇక దానికి ఇల్లు ఇదేనన్నాడు.

ఆ తర్వాత కూడా వచ్చేవాడు. చలికాలమంతా వచ్చాడు. నీళ్ళు తాగి, వీపు తిప్పి నిలబడి, స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. ఎండలు ముదిరాక రాక కాస్త పలచబడింది. ఒక సాయంత్రం, నువ్వు రాని రోజు షాపు బోసిపోతోంది, నిన్ను కూడా మిషన్ మీద పెట్టి ఒక కాపీ తీసి స్టూలు మీద కూర్చోబెట్టుకుంటానని చెప్పాను. ఏమీ అనకుండా బస్సెక్కాడు. నాకు తెలుసు, నవ్వు రేపు వస్తుంది.

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఎక్కడో కూతురి ఇంటికి పోయి ఉంటాడనుకున్నాను.

రెండు వారాలు అట్లా గడిచాయి. ఎండలు మండుతున్నాయి, అయినా గొట్టాల్లో మొగుడూ పెళ్ళాం ఒక్క గీత మీదే నిలబడి ఉన్నారు. ఇంత ఎండలో తడి ఎక్కడిదా అని ఆశ్చర్యపోయి, ఆయన నేర్పినట్టే అలమారాలో బల్బు వేశాను, సున్నపురాయి మార్చాను, కిటికీ బిగించాను. ఎంత ఆరబెడితే మిషన్ అంత మొండికేసింది. కాగితాలు మూడేసి పోతున్నాయి. ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి.

అప్పుడు ఆయన కొడుకు వచ్చాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. ఒక కాగితం నా ముందు పెట్టి, "రెండు కాపీలు తియ్యన్న" అన్నాడు. పైన మరణ ధ్రువీకరణ పత్రం అని ఉంది. కింద ఆయన పేరు. నేను వాగుడుకాయను. ఆ రోజు నా నోట్లోనే కాగితం ఇరుక్కుంది.

మిషన్‌లో పెట్టాను. మూడు కాగితాలు అతుక్కుని వచ్చాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే. గొట్టాల వైపు చూపించి, అర్రలో తడి ఉందని, జర ఆగాలని చెప్పాను.

కొడుకు చెక్క దగ్గరికి వెళ్ళి, వంగి చూశాడు.

"సీసల నీళ్ళు లేవన్న" అన్నాడు. "నీళ్ళు లేకుంటే ఇద్దరు ఒక్కతీరే ఉంటరు. మా షెడ్డుల ఈ సీస నింపుడు చిన్నప్పటి సంది నా పని. ఒకసారి మర్సిపోయిన. బాపు ఏమనలే. తెల్లారి సంది ఆయననే నింపుకున్నడు."

ఎనిమిదో తరగతి దాకా చదివిన బుర్ర కదా, నాకు అప్పుడు తెలిసింది, రోజూ పొద్దున నావైపు వీపు తిప్పి ఆ మనిషి ఏం చేసేవాడో. తాను నాలుగు గుక్కలు తాగి, దానికి ఒక గుక్క పోసేవాడు. నేను దణ్ణమనుకున్నాను.

కొడుకు కార్లోంచి నీళ్ళ సీసా తెచ్చి పోశాడు. పేలిక నీళ్ళు పీల్చుకుంది. గొట్టంలో పాదరసం మెల్లగా దిగడం మొదలుపెట్టింది. దిగింది, ఇంకా దిగింది. రెండు వేళ్ళు కాదు, బెత్తెడు దూరం జరిగింది. ఇన్ని రోజులు ఆ గది ఎంత దాహంతో ఉందో అప్పుడు కనిపించింది. కొడుకు ఏమీ అడక్కుండా మూలనున్న గోనెసంచి తీసుకెళ్ళి, హోటలు నల్లా కింద తడిపి, పిండి, కిటికీకి కట్టాడు. కట్టిన ముడి తండ్రి ముడే. చెరో పక్క నిలబడి చూశాం. చల్లటి మట్టివాసన లోపలికి వచ్చింది. ఎడం తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. కొడుకు దాని మీద అడ్డంగా రెండు వేళ్ళు పెట్టి, నావైపు తల ఊపాడు.

మిషన్ వేశాను. ఒక కాగితం పడింది. దాని మీద ఇంకోటి పడింది. కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

ఇంకొకటి పడింది. అతను కళ్ళు తెరిచి, రెండే కదా చెప్పిన, మూడోది ఎందుకన్నా అని అడిగాడు.

"స్టూలు మీదికి" అన్నాను. తాతతో అనుకున్న మాట అది, ఆయనకు చెప్పే బస్సెక్కించానని చెప్పాను.

అతను నవ్వలేదు. రెండు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అనవసరంగా అన్నానే అని ఆ రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుంటే రోడ్డు మీద ఒక కారు నెమ్మదించింది. వెనక సీట్లో ఆఫీసువాళ్ళు నిద్రపోతున్నారు. కొడుకు అద్దం దించి, స్టూలు వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి నవ్వాడు. కారు పట్నం వైపు వెళ్ళిపోయింది. నేను లోపలికి వచ్చి, నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, సీసా పట్టుకుని గోడ వైపు తిరిగాను.